యుద్ధంలో పోయిన మీ తాతల వివరాలు తెచ్చిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి

మా నాన్నకి ఒక బాబాయి ఉండేవారు. సైన్యంలోని ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో చేరి రెండో ప్రపంచయుద్ధంలో బర్మా వైపు వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇంట్లో ఆయన గురించి మిగిలింది ఒక్క మాటే, "రంగం వెళ్ళాడు, అక్కడే పోయాడు" అని. రంగం అంటే రంగూన్. ఫొటో లేదు, తిథి తెలీదు. ఏటా మహాలయ అమావాస్యకి తర్పణం వదిలేటప్పుడు ఆయన పేరు దగ్గర నాన్న గొంతు ఆగిపోతుంది. అది చూడలేకే వెతికించాలనుకున్నాను.

ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన కనిపించింది. సమాధి ఫొటో, ధ్రువపత్రం తెచ్చిస్తామన్నారు. ముందు 12,000, కాగితాలొచ్చాక 6,500 యూపీఐలో కట్టాను. నెల తర్వాత ఒక రంగుల పత్రం, తెల్ల రాయి ఫొటో పంపారు. 1942 ఫిబ్రవరి, సింగపూర్ అని ఉంది. నాన్న దాన్ని కళ్ళకద్దుకుని, లామినేషన్ చేయించి దేవుడి గూటి పక్కన పెట్టుకున్నారు. పంతులుగారు పాత పంచాంగం చూసి తిథి చెబితే ఆ ఏడు ఆబ్దికం కూడా పెట్టారు.

తర్వాత మా మేనత్త ట్రంకు పెట్టెలో యుద్ధకాలం నాటి ఉత్తరం కవరు దొరికింది. దాని మీద చిన్నతాత పేరుతో పాటు సైన్యం నంబరు ఉంది. పత్రంలో నంబరు వేరు. అప్పుడు సరిగ్గా చదివితే తండ్రి పేరూ వేరే, ఊరు తంజావూరు జిల్లాది. పేరొక్కటే కలిసింది. పైగా ఆ పత్రంలో రాసింది సింగపూర్ మెమోరియల్ అని. మెమోరియల్ మీద పేరుందంటే తెలిసిన సమాధి లేదని అర్థం. మరి సమాధి ఫొటో ఎక్కడిది? ఫోన్ చేసి అడిగితే, ఇంకో 7,000 కడితే పతకాలు, పరిహారం ఇప్పిస్తామన్నారు. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు.

వాళ్ళు నాకు అమ్మిన పత్రం ఎవరికైనా ఉచితంగా వచ్చేదే. 1917లో ఏర్పడిన కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో రెండు ప్రపంచయుద్ధాల్లో పోయిన సుమారు 17 లక్షల మంది వివరాలున్నాయి. అందులో రెండో యుద్ధంలో పోయిన అవిభక్త భారత సైనికులే దాదాపు 87,000 మంది. రోగంతో పోయినా, సర్వీసులో ఉండగా 1947 డిసెంబరు 31 లోపు పోయినవాళ్ళయితే లెక్కలో ఉంటారు.

కవరు మీది నంబరు కొట్టగానే చిన్నతాత దొరికారు. యాంగోన్‌కి (అప్పటి రంగూన్) ఉత్తరాన టౌక్యాన్‌లో ఉన్న రంగూన్ మెమోరియల్ మీద, దాదాపు 27,000 పేర్ల మధ్య ఆయన పేరుంది. వెబ్‌సైట్ వివరాల్లో మా ముత్తాత పేరు, మా ఊరి పేరు కూడా ఉన్నాయి, ఊరి స్పెల్లింగ్ మాత్రం గుర్తుపట్టలేనంతగా మారిపోయింది.

నంబరు లేకపోతే స్పెల్లింగులు మార్చి మార్చి వెతకండి. ఇంటిపేరు ఒక్క అక్షరంగానే ఉండొచ్చు. జిల్లాలు, ఊళ్ళు పాత పేర్లతో ఉంటాయి: విజగపట్టాం, కిస్ట్నా, కోకనాడ. పతకం ఉంటే అంచు మీదో వెనకో నంబరు చెక్కి ఉందేమో చూడండి. ఏం దొరికినా తండ్రి పేరు, ఊరు రెండూ కలిస్తేనే మనవాళ్ళనుకోండి. దహనం జరిగినవాళ్ళ పేర్లు ఇంఫాల్, కోహిమా లాంటి చోట్ల విడిగా ఉన్న దహన స్మారకాల మీద ఉంటాయి. కాబట్టి సమాధి ఫొటో అని ఎవరు పంపినా ముందు అనుమానించండి.

తప్పు తిథికి ఆబ్దికం పెట్టానని నాన్న రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అది ఆ తంజావూరు కుర్రవాడికి చేరిందనుకోండి, అతనికి పెట్టేవాళ్ళున్నారో లేరో అన్నారు పంతులుగారు.

1930 నంబరుకి ఫోన్ చేసి సైబర్ క్రైమ్‌లో ఫిర్యాదు ఇచ్చాను. డబ్బు ఇంకా రాలేదు. మీరూ కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి, చెల్లింపు స్క్రీన్‌షాట్లు చెరిపేయకండి.