గంటకు 20 రూపాయలిచ్చి చూసిన బొమ్మ

"చదవడానికి మంచి వెబ్‌కామిక్ ఏదైనా చెప్పన్నా" అని ఆఫీసులో ఎవరడిగినా ఏళ్ల తరబడి నాది ఒకటే జవాబు: ఎక్స్‌కేసీడీ. నెట్‌లో వచ్చే బొమ్మల జోకులవి. వాటిని గీసే రాండల్ మన్రో ఎవరు, నాసా కాంట్రాక్టు అయిపోయాక పుల్లల్లాంటి గీతల మనుషుల్ని ఎందుకు గీస్తున్నాడు అన్నవి ఇక్కడ రాయను, చాలామందికి తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది కొసరు గురించి.

ఎర్రగడ్డ రైతుబజారులో కూరలన్నీ తూచాక రెండు రెబ్బల కరివేపాకు సంచిలో పడేస్తారు చూడండి, అలాంటిది. బొమ్మ చదివాక దాని మీద మౌస్ ఆనించి ఒక్క క్షణం ఆగితే చిన్న పెట్టెలో ఇంకో వాక్యం కనిపిస్తుంది. చాలాసార్లు అసలు జోకు కన్నా అదే బాగుంటుంది. ఈ సంగతి తెలియకుండానే నేను రెండు వందల బొమ్మలు చదివేశాను. రూమ్మేట్ చూపించిన రోజు ఒళ్లు మండిపోయి మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టాను.

2013లో అమీర్‌పేటలో ఉండేవాణ్ణి. మైత్రీవనం వెనక సందులో కోర్సు, ఆ పక్క సందులో హాస్టల్, మధ్యలో గంటకు 20 రూపాయల నెట్ సెంటర్. మార్చి 25న 1190వ బొమ్మ వచ్చింది, పేరు 'టైమ్'. సముద్రం ఒడ్డున ఇద్దరు ఊరికే కూర్చుని ఉంటారు, అంతే. మాటల్లేవు, జోకు లేదు. కొసరు కోసం మౌస్ పెడితే, కాస్త ఆగమనే అర్థంలో మూడు ఇంగ్లిష్ మాటలు. ఏదో తేడా కొట్టిందనుకుని లేచి వచ్చేశాను. మర్నాడు సాయంత్రం మళ్లీ తెరిస్తే అదే పేజీలో అదే ఇద్దరు ఇసుకతో కోట కడుతున్నారు!

బొమ్మ తనంతట తనే మారుతోందని అప్పుడు తెలిసింది. మొదట్లో అరగంటకు ఒకసారి, కొన్ని రోజుల తర్వాత గంటకు ఒకసారి. అంటే నాకు ఒక్కో ఫ్రేము ఖరీదు 20 రూపాయలు. ఇంటి నుంచి వచ్చే డబ్బుల్లో అది ఒక పూట టిఫిను. అయినా వెళ్లేవాణ్ణి. ఒకరోజు ఓనరు నా వెనక నిలబడి, "ఏం తమ్మీ, గంట సంది ఆ ఒక్క బొమ్మనే చూస్తున్నవ్?" అన్నాడు. "మారుతదన్నా" అన్నాను. నమ్మినట్టు లేడు. మానిటర్ పాడైందేమోనని ఒకసారి తట్టి చూసి పోయాడు.

కథలో సముద్రం మెల్లగా పైకి వస్తుంటుంది. ఎందుకొస్తోందో కనుక్కోవాలని ఆ ఇద్దరూ కోట వదిలేసి నడక మొదలుపెడతారు. జూలైకి నా కోర్సు అయిపోయింది, ఉద్యోగం మాత్రం రాలేదు. ఇంటర్వ్యూ చేసినవాళ్లందరూ కూడా కాస్త ఆగమనే చెబుతున్న రోజులు. నెలల తరబడి ఆ కొసరు మారలేదు. అలవాటుగా మౌస్ పెట్టిన ఒకరోజు ఆ మూడు మాటల చోట ఒకే ఒక్క మాట ఉంది: పరిగెత్తమని. నీళ్లు వచ్చేస్తున్నాయి. నెట్ సెంటర్లో కూర్చుని నేను నిజంగానే కాళ్లు కుర్చీ మీదకు లాక్కున్నాను. నాలుగు నెలలకు, 3,099 ఫ్రేములతో అది ముగిసింది. మరుసటి ఏడాది దానికి హ్యూగో అవార్డు (సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథలకు ఇచ్చేది) ఇచ్చారు. ఇప్పుడైతే అభిమానులు ఫ్రేములన్నీ ఒకచోట పోగేసి పెట్టారు, వరసపెట్టి తిప్పుకుంటూ చూసేయొచ్చు. నేనూ చూశాను. అంత రుచిగా అనిపించలేదు, డబ్బు పెట్టనందుకేమో.

ఇక ఇబ్బంది ఫోన్లో. వేలికి మౌస్ బాణం ఉండదు కదా. అడ్రసుకు ముందు ఎం, చుక్క పెడితే వచ్చే మొబైల్ పేజీలో కొసరు కోసం ఒక మీట ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అదీ పనిచేస్తుంది, కాదనను. కానీ మీట నొక్కి తెప్పించుకుంటే అది అడిగి వేయించుకున్న కరివేపాకు అవుతుంది. రాయదుర్గం మెట్రోలో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని చదివేటప్పుడు చాలాసార్లు నొక్కను కూడా.

వాట్సాప్‌లో ఫార్వర్డు అయితే కొసరు పూర్తిగా ఎగిరిపోతుంది. డబ్బు చేసుకోనంతవరకు, పేరు చెప్పి ఎవరైనా పంచుకోవచ్చని మన్రోనే అనుమతి ఇచ్చాడు. అందుకే బొమ్మలు ఊరంతా తిరుగుతుంటాయి, తోక లేకుండా. మా పిన్ని కూతురికి అలా ఒక పది పంపాను. "అన్నా, ఇందులో నవ్వడానికేముంది?" అంది. కోపం వచ్చింది. తర్వాత అవే పది కొసరు లేకుండా చదివి చూశాను. నాలుగింట్లో దాని మాటే నిజం. ఇంకో రెండు ఫిజిక్సు తెలిస్తే తప్ప అర్థం కావు. నేనూ ఆ జోకుల అర్థాలు అభిమానులు రాసిపెట్టే వికీ చూసే నవ్వాను, ఆ సంగతి దానికి చెప్పలేదు.

కాబట్టి సిఫారసు కొంచెం మార్చుకున్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసేవాళ్లు, లెక్కలంటే చిరాకు లేనివాళ్లు అడిగితే ఇప్పటికీ ఎక్స్‌కేసీడీయే. ఫోన్లో మాత్రమే చదివేవాళ్లకు, తరువాయి కోసం ఎదురుచూసే ఓపిక లేనివాళ్లకు ఉర్సులా వెర్నన్ గీసిన 'డిగ్గర్' చెబుతున్నాను. 2011లోనే పూర్తయిన కథ, దానికీ హ్యూగో వచ్చింది. దారి తప్పి ఎక్కడో తేలిన ఒక వాంబాట్ (బొరియలు తవ్వే ఆస్ట్రేలియా జంతువు) కథ, నలుపు తెలుపు బొమ్మలు. పిన్ని కూతురికి పోయిన నెల ఆ లింకు పంపాను. రాత్రి ఒంటిగంటన్నరకి మెసేజ్ పెట్టింది: "అన్నా, రేపు నాకు పరీక్ష. ఇది ఎన్ని పేజీలుందో ముందే చెప్పొద్దా?"