మూత లేని వెదురు బుట్టలు రెండు: ఆరు నెలలు వాడాక

మా బెడ్‌రూములో ఒక కుర్చీ ఉంది, దాని మీద ఎవరైనా కూర్చుని రెండేళ్ళు అయ్యుంటుంది. ఆరాక తెచ్చిన బట్టలు, ఒకసారి వేసుకుని విప్పిన చున్నీ, పిల్లాడి స్కూల్ టై, అన్నీ దాని మీదే. ఆదివారం మడతపెడదాంలే అనుకోవడం, తీరా ఆదివారం దాన్ని చూస్తేనే నీరసం రావడం. ముందు ఆన్‌లైన్‌లో మడతపెట్టే ప్లాస్టిక్ బుట్ట తెప్పించాను, రెండు నెలలకే పిడి ఊడింది.

తర్వాత మా కాలనీ రోడ్డు చివర మేదరివాళ్ళ దగ్గర ఆగాను. పెద్దది 450 చెప్పి 380కి ఇచ్చాడు, చిన్నది 150. "మూత ఉన్నది లేదా అన్నా?" అంటే, "మూతెందుకమ్మా, మూతుంటే దాని మీద ఇంకో సామాను పెడ్తరు" అన్నాడు. నవ్వాను కానీ ఆయన చెప్పింది నిజం, మా ఇంట్లో మూత ఉన్న డబ్బాలన్నీ సగం సామాను కిందే ఉన్నాయి.

చిన్న బుట్ట గుమ్మం పక్కన చెప్పుల స్టాండ్ మీద పెట్టాను. బండి తాళాలు, ఐడీ కార్డు, హెడ్‌ఫోన్లు, లోపలికి రాగానే అందులో పడేయడమే. సర్దడం అని కూడా అనలేం. కానీ పొద్దున 8 గంటలకి "తాళాలెక్కడ" అనే అరుపు ఆగిపోయింది, ఆ అరుపుతో మొదలైన చిరాకు ఆఫీసు దాకా నాతోనే వచ్చేదని అది ఆగాకే తెలిసింది. పెద్దది కుర్చీ ఉన్న చోటే పెట్టాను (కుర్చీని బాల్కనీలోకి తోసేశాం). అది నిండితే ఆ రాత్రే మడతపెట్టాలి, పది నిమిషాల పని, టీవీ చూస్తూ అయిపోతుంది. ఇంకా పెద్దది తీసుకోకండి, అది ఇంకో కుర్చీ అవుతుంది.

అమ్మకి ఫోన్లో చెప్తే, "దీపం పెట్టకముందే ఇల్లు ఊడ్చుకోమని ఇరవై ఏళ్ళు చెప్పాను, బుట్ట చెప్తే విన్నావా" అంది. లాస్ ఏంజెలెస్‌లో ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలోని 60 మంది భార్యాభర్తలను పరిశీలించి 2010లో ఒక పరిశోధన వేశారు, ఇల్లు చిందరవందరగా ఉందనీ పనులు సగంలో ఉన్నాయనీ చెప్పుకున్న ఆడవాళ్ళలో, టెన్షన్ పడితే పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ పొద్దుపోయేసరికి తగ్గాల్సినంత తగ్గలేదట. చిందరవందరే కారణమని దాంతో తేలిపోదు గానీ, నా సాయంత్రాల సంగతి చదివినట్టే ఉంది. మగవాళ్ళలో అలా కనిపించలేదట, అందుకే మా ఆయనకి చదివి వినిపించలేదు.

ఇక లోపాలు. లోపలి బద్ద ఒకటి సరిగ్గా నున్నగా చేయలేదు, నా కాటన్ చున్నీ పట్టుకుని దారం లాగేసింది, ఇప్పుడు అడుగున పాత దుప్పటి ముక్క పరిచాను. వానాకాలంలో పెద్దబుట్ట కింద తెల్లటి పొడి రాలింది, అది పురుగు, వెదురులో ఉండే పిండిపదార్థమే దాని తిండి. రెండు రోజులు ఎండలో పెట్టి వేపనూనె రాశాను, తగ్గింది గానీ వారం పాటు బట్టలన్నీ వేపనూనె వాసనే. తడి బట్టలు అస్సలు వేయకండి, బూజు పడుతుంది. ప్లాస్టిక్‌లా కడిగి బోర్లించే వస్తువు కాదిది.

అయిదుకి నాలుగు ఇస్తాను, చున్నీకి ఒకటి తగ్గించాను. పిల్లాడి పుస్తకాల కోసం ఆ మేదరాయన్ని ఇంకో చిన్నది అడిగితే, ఇప్పుడున్నది పచ్చి వెదురు, నీళ్ళల్ల నానబెట్టి ఎండినంక అల్లుతా, పదిహేను రోజులాగి రా అన్నాడు.