60 అంగుళాల హరికేన్ బాల్సా కిట్: మూడేళ్లు ఎగరేశాక నా మాట

రేడియో కంట్రోల్‌తో ఎగరేసే రెండో ప్రపంచ యుద్ధ విమానాల మోడళ్లలో స్పిట్‌ఫైర్ కిట్ కొనాలా, ముస్టాంగ్ కొనాలా అని తెగ ఆలోచిస్తున్న వాళ్లకి ముందే చెప్పేస్తున్నా. బాల్సా అనే తేలికపాటి చెక్కతో మీరు కట్టే మొదటి యుద్ధవిమానం అయితే ఆ రెండూ వద్దు, హాకర్ హరికేన్ తీసుకోండి. అందంలో స్పిట్‌ఫైర్ ముందు ఇది దిగదుడుపే, పక్క నుంచి చూస్తే మూపురం ఉన్న ఎద్దులా ఉంటుంది, కాదనను. కానీ స్పిట్‌ఫైర్ రెక్క దీర్ఘవృత్తం కాబట్టి ఒక్కో రిబ్ (రెక్క లోపలి అడ్డు ముక్క) ఒక్కో సైజు, చివరికొచ్చేసరికి బాగా సన్నబడిపోతుంది, చక్రాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, గడ్డి మీద దిగితే పక్కకి వాలిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. హరికేన్‌ది లావు రెక్క, సూటి అంచులు. చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి కిందికి దించినప్పుడు కాళ్లు ఎడంగా ఉంటాయి. రేడియో కంట్రోల్ మోడల్‌కి అంతకంటే కావాల్సింది లేదు.

నేను కట్టింది 1/8 స్కేలు. అసలు విమానం రెక్కల వెడల్పు 40 అడుగులు, కాబట్టి మనది సరిగ్గా 5 అడుగులు. మా బావమరిది ఇంగ్లండ్ నుంచి వస్తూ పెట్టెల మధ్య పెట్టుకుని తెచ్చాడు. లోపల మోటార్లు, ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు, ఉత్త చెక్క, వైర్లు, ప్లాస్టిక్ భాగాలే. కంపెనీ పేరు రాయను, కింద కొన్ని తిట్లు ఉన్నాయి, పైగా ఇందులో సగం మాటలు ఏ కిట్‌కైనా వర్తిస్తాయి.

చెక్క విషయంలో మాత్రం నూటికి నూరు మార్కులు. రిబ్స్‌కి తేలికపాటి బాల్సా, స్పార్లకి (రెక్క పొడవునా వెళ్లే దూలాలకి) గట్టి బాల్సా విడివిడిగా ఏరి పెట్టారు, ఆ ఏరడంలోనే కిట్ విలువంతా ఉంది, ఎందుకంటే ఒకే సైజు బాల్సా పలకలు రెండు తూకం వేస్తే ఒకటి రెండోదానికి రెట్టింపు బరువు ఉండే అవకాశం ఉంది. లేజర్ కట్ కూడా శుభ్రంగా ఉంది. ఒక్కటే జాగ్రత్త, లేజర్ కాల్చిన నల్లటి అంచు మీద జిగురు సరిగ్గా పట్టదు, పైగా ఆ మసి తెల్ల చెక్కకి అంటుకుని ఊరంతా పాకుతుంది. ప్రతి ముక్కనీ అతికించే ముందు ఉప్పు కాగితంతో ఒక్కసారి రుద్దాల్సిందే. మాన్యువల్‌లో ఫొటోలు చీకట్లో తీసినట్టున్నాయి, కానీ అసలు సైజులో వచ్చిన ప్లాన్ షీట్లు ఎంత బాగున్నాయంటే రెక్క కట్టాక మాన్యువల్ తెరవనేలేదు.

రెక్క కట్టేటప్పుడు మాన్యువల్ ఒక్క వాక్యంతో దాటేసిన విషయం ఒకటుంది, అదే వాషౌట్. అంటే రెక్క చివర వెనక అంచు కొద్దిగా పైకి మెలితిరిగి ఉండాలి. అలా ఉంటే వేగం తగ్గినప్పుడు రెక్క మొదలు ముందు స్టాల్ అవుతుంది, అంటే గాలి పట్టు కోల్పోతుంది, చివర ఇంకా గాలిని పట్టుకునే ఉంటుంది. అది లేకపోతే ల్యాండింగ్ మలుపులో ఒక రెక్క టక్కున పడిపోతుంది, మీరు స్టిక్ తిప్పేలోపు నేలలో ముక్కు. చేయాల్సిందల్లా బోర్డు మీద పిన్నులు గుచ్చేటప్పుడు చివరి రిబ్ వెనక అంచు కింద 5 మిల్లీమీటర్ల చెక్క ముక్క పెట్టి, మొదలు దగ్గరికొచ్చేసరికి సున్నా అయ్యేలా సర్ది, పైన బాల్సా షీటు అతికే వరకూ బోర్డు మీంచి లేపకపోవడం. షీటు పడ్డాక ఆ మెలిక జన్మలో పోదు. రెండు రెక్కలకీ ఒకేలా ఉందో లేదో చూసుకోండి, తేడా వస్తే విమానం ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది.

బాడీ దగ్గర అసలు మజా. నిజం హరికేన్ వెనక భాగం రేకు కాదు, ఉక్కు గొట్టాల చట్రం, దాని మీద పొడవునా చెక్క స్ట్రింగర్లు (సన్నటి బద్దలు), ఆ పైన గుడ్డ. అందుకే బాల్సా మోడల్‌కి ఇంతగా నప్పుతుంది, స్ట్రింగర్లు గుడ్డ కింద గీతల్లా కనిపిస్తే అదే స్కేల్. కానీ కిట్‌లో ఫార్మర్లు (బాడీకి ఆకారమిచ్చే అడ్డు పలకలు) గుండ్రంగా కట్ చేసి ఇచ్చారు, ఉన్నదున్నట్టు కడితే స్ట్రింగర్ల మధ్య ఫార్మర్ అంచు కూడా గుడ్డని తన్నుకుంటూ పైకి కనిపిస్తుంది. సన్నటి కర్రకి ఉప్పు కాగితం చుట్టి, ప్రతి రెండు స్ట్రింగర్ల మధ్యా ఫార్మర్ అంచుని ఒక మిల్లీమీటరు లోపలికి గుంటలా అరగదీయాలి. చెయ్యి నొప్పెడుతుంది, బాల్సా దుమ్ము ముక్కులో చేరుతుంది, ఇంట్లో వాళ్లు ఫ్యాన్ వేస్తే మన పని అయిపోయినట్టే. అయినా చేయండి. ఇస్త్రీతో అతికే గుడ్డ కవరింగ్ వేసి వేడి చూపించగానే అది బిగుసుకుని ఆ గీతలు తేలడం చూస్తే అరగదీసిన బాధంతా పోతుంది. జిగురు సంగతి అడిగేవాళ్లకి: చట్రానికి ఫెవికాల్, చిన్నచిన్న అతుకులకి సీఏ (సూపర్‌గ్లూ), ఇంజన్ గోడకీ (మోటార్ బిగించే పలకకీ) చక్రాల దిమ్మెలకీ నిదానంగా గట్టిపడే ఎపాక్సీ. అంతా సీఏతో లాగించేద్దాం అనుకోవద్దు, ఎండాకాలంలో అది ముక్క అమర్చకముందే గడ్డకడుతుంది, పైగా అతుకు పెళుసు.

ఇక తిట్లు. చెక్కకి అంత శ్రద్ధ పెట్టినవాళ్లు చక్రాలు బిగించే దిమ్మెకి తేలికపాటి ప్లైవుడ్ ఎందుకిచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మొదటి ఎండాకాలమే కుడి కాలి దిమ్మె, దాని పక్క రిబ్‌తో సహా ఊడొచ్చింది. అదేం ఘోరమైన ల్యాండింగ్ కూడా కాదు, గరుకు నేల మీద మామూలుగా దిగిందే. బర్చ్ ప్లైతో కొత్తవి కోసి, పక్క రిబ్స్‌కి గ్లాస్ గుడ్డ, ఎపాక్సీ పట్టించాక మళ్లీ కదల్లేదు. మీరు మాత్రం కట్టేటప్పుడే మార్చేయండి, కవరింగ్ పడ్డాక రెక్క కోసి లోపలికి వెళ్లడం నరకం. నైలాన్ క్లెవిస్‌లు (కంట్రోల్ కడ్డీల కొసన ఉండే కొక్కేలు) మన ఎండలకి పెళుసుబారి గోటితో నొక్కితే విరిగాయి, మెటల్‌వి వేశాను. కాక్‌పిట్ గాజుకి ఇచ్చిన ప్లాస్టిక్ ఏడాదికే పసుపెక్కింది. కౌలింగ్ (ముక్కు దగ్గర మోటార్ మీది మూత) పర్వాలేదు.

బ్యాలెన్స్ గురించి ముందే సిద్ధపడండి. హరికేన్ ముక్కు పొట్టి, తోక పొడుగు, కాబట్టి ఎంత తేలిగ్గా కట్టినా వెనక బరువే వస్తుంది. 6 సెల్ 4000 ఎంఏహెచ్ బ్యాటరీని ఇంజన్ గోడకి ఆనుకునేలా ముందుకి జరిపి కూడా నాకు 200 గ్రాముల దాకా సీసం ముక్కులో పెట్టాల్సి వచ్చింది. చచ్చు బరువు మోయడం ఎవరికీ ఇష్టం ఉండదు, కానీ తోక బరువున్న యుద్ధవిమానం ఒక్కసారే ఎగురుతుంది అని పాత వాళ్లు ఊరికే అనరు. తోక దగ్గర ఒక గ్రాము తగ్గిస్తే ముక్కులో మూడు నాలుగు గ్రాముల సీసం తగ్గుతుంది, అందుకని తోక ముక్కలకి ఉన్నవాటిలో తేలికైన బాల్సా వాడండి, జిగురు కూడా అక్కడ పిసినారితనంగా. మొత్తం బరువు 3 కిలోల దగ్గర తేలింది. 450 కేవీ మోటార్ (అంటే వోల్టుకి నిమిషానికి 450 చుట్లు), 15x8 అంగుళాల ప్రొపెల్లర్, 80 ఆంప్ స్పీడ్ కంట్రోలర్. ఫుల్ త్రాటిల్ అవసరం టేకాఫ్‌లోనే, తర్వాత సగంలో హాయిగా తిరుగుతుంది, ఆరేడు నిమిషాలు వస్తుంది.

రంగులు నా ఇష్టానికి వేసుకున్నాను. కిట్‌లో అందరూ వేసే బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ (1940లో బ్రిటన్ మీద జరిగిన వైమానిక యుద్ధం) స్టిక్కర్లే ఇచ్చారు. హైదరాబాద్‌లో ఉంటూ హరికేన్ కట్టి 253వ స్క్వాడ్రన్ వేయకపోతే ఎలా? రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో దాని పూర్తి పేరే 253 హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్, నిజాం ఇచ్చిన డబ్బుకి గుర్తుగా పెట్టిన పేరు. 1939 చివర్లో మళ్లీ ఏర్పాటై, 1940లో హరికేన్లతో ముందు ఫ్రాన్స్ గగనతలంలో, తర్వాత లండన్ దగ్గరి కెన్లీ స్థావరం నుంచి జర్మన్లతో పోరాడింది. పక్కన రాసే అక్షరాలు ఎస్‌డబ్ల్యూ. (152వ స్క్వాడ్రన్‌ది కూడా హైదరాబాద్ పేరే, కానీ వాళ్లవి స్పిట్‌ఫైర్లు. ఆ కిట్ కొనడానికి ఇప్పుడు మీకొక సాకు దొరికింది.)

ఇందులో సెంటిమెంట్ ఒక్కటే కాదు, లాభం కూడా ఉంది. ఆకుపచ్చ, మట్టిరంగు కామఫ్లాజ్ వేసిన విమానం కాస్త దూరం వెళ్తే నల్లటి నీడే, మనవైపు వస్తోందో పోతోందో, పైకి వాలిందో కిందికి వాలిందో తెలియక టెన్షన్. 1940 మే నెల నాటికి బ్రిటిష్ ఫైటర్ల అడుగుభాగం ఎడమ రెక్క నలుపు, కుడి రెక్క తెలుపు ఉండేది, కింద ఉన్న తమవాళ్లు గుర్తుపట్టి కాల్చకుండా ఉండాలని. జూన్‌లో అది తీసేసి 'స్కై' అనే లేత ఆకుపచ్చ ఛాయ రంగు పెట్టారు. నేను మే నెల దగ్గరే ఆగిపోయాను. కింద నుంచి చూస్తే నలుపు ఎటుంటే అటు ఎడమ, అంతే, సందేహమే ఉండదు. చరిత్రకి చరిత్ర, కంటికి సుఖం.

ఎగరడం ఎలా ఉంటుందంటే, గాలిలో ఉన్నంతసేపూ పెద్దమనిషి. తిప్పలన్నీ నేల మీదే. టాక్సీ చేసేటప్పుడు ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) స్టిక్ పూర్తిగా వెనక్కి లాగి పట్టుకోవాలి, లేకపోతే ముక్కు మీద పడి ప్రొపెల్లర్ విరుగుతుంది. టేకాఫ్‌లో త్రాటిల్ ఒక్కసారిగా తోస్తే ఎడమకి ఈడ్చుకుపోతుంది, నెమ్మదిగా పెంచుతూ కుడి రడ్డర్ (చుక్కాని) ఇస్తూ పోవాలి, తోక లేచాక దానంతట అదే దారిలో పడుతుంది. లూప్, రోల్ చక్కగా చేస్తుంది, తక్కువ ఎత్తులో పక్క నుంచి దూసుకుపోతే చూసేవాళ్లు ఫోన్లు తీస్తారు. దించేటప్పుడు మాత్రం ట్రైనర్ (ఎగరేయడం నేర్చుకునే మోడల్) అలవాట్లు మర్చిపోండి. మోటార్ ఆపేసి తేలుతూ రావడం ఇక్కడ కుదరదు, కొద్దిగా త్రాటిల్ ఉంచి, ఫ్లాప్స్ (రెక్క వెనక అంచు పలకలు) సగం దించి, ముందు రెండు చక్రాలు తాకాక అప్పుడు త్రాటిల్ తగ్గించాలి. ఎదురుగాలి ఉంటే సుఖం, పక్కగాలిలో ఆ పెద్ద చుక్కాని గాలికి తిరిగిపోతుంది.

మేం ఎగరేసేది ఊరి బయట ఒక చెరువు శిఖంలో, నీళ్లు లేని నెలల్లో. హైదరాబాద్ చుట్టూ బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ ఉన్నాయి కాబట్టి డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్ తెరిస్తే ఎరుపు, పసుపే ఎక్కువ. గ్రీన్ జోన్ చూసుకుని, 400 అడుగులు దాటకుండా ఎగరేసుకోవాలి. గద్దల సంగతి కూడా చెప్పాలి, పొద్దు ఎక్కాక వేడిగాలి పట్టుకుని అవి తిరుగుతుంటాయి, మన విమానాన్ని చూసి కొన్ని వెంటపడతాయి. దాడి చేసిన గద్దని నేను చూడలేదు గానీ, దగ్గరికొస్తే త్రాటిల్ పెంచి దూరంగా వెళ్లిపోవడమే మర్యాద.

మూడేళ్లలో విమానం కంటే వాతావరణమే ఎక్కువ పరీక్ష పెట్టింది. వానాకాలంలో బాల్సా తేమ పీల్చుకుంటుంది, ఒక ఏడాది ఎలివేటర్ ఒక పక్క కొద్దిగా వంకర తిరిగితే ఎదురు దిక్కుకి వంచి పట్టుకుని హీట్ గన్‌తో సరిచేశాం. ఇప్పుడు రెక్కలు గోడకి ఆనించకుండా బీరువా పైన పడుకోబెట్టి ఉంచుతున్నాను. మే నెలలో మూసిన కారులో పది నిమిషాలు వదిలినా కవరింగ్ వదులై ముడతలు పడుతుంది, బ్యాటరీలు ఉబ్బుతాయి. ఎగరేయని నెలల్లో బ్యాటరీ సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర పెట్టండి. చెక్క విమానం గొప్పతనం ఒకటే, ఏది విరిగినా ప్లాన్ షీటు మీద ఆ ముక్క బొమ్మ ఉంటుంది, కార్బన్ పేపర్ పెట్టి గీసుకుని కొత్తది కోసుకోవచ్చు. ఫోమ్ విమానం అయితే పగిలిన రెక్క కంపెనీ దగ్గర దొరికితేనే గతి.

ఖర్చు విషయానికొస్తే కిట్ ఒక ఎత్తు, లోపల పెట్టేవన్నీ ఒక ఎత్తు. సర్వోలు (కంట్రోల్ పలకల్ని కదిలించే చిన్న మోటార్లు), మోటార్, బ్యాటరీలు, రిట్రాక్టులు (చక్రాల్ని ముడిచే యంత్రాలు), కవరింగ్ కలిపితే కిట్ ధర మొత్తంలో మూడో వంతు కూడా ఉండదు. ఇంతకుముందు ట్రైనర్‌నీ, ఏలరాన్లున్న (రెక్క చివర్ల వెనక కదిలే పలకలున్న), బాడీ అడుగున రెక్క ఉండే ఒక విమానాన్నీ భయం లేకుండా దించడం రానివాళ్లు దీన్ని కట్టి షోకేస్‌లో పెట్టుకోండి, అప్పుడే ఎగరేయొద్దు.

ఇంకో హరికేన్ కట్టమంటే ఇదే కిట్ కొంటాను, కానీ ఎలక్ట్రిక్ రిట్రాక్టులు వేయను. మా శిఖం నేలకి వాటి పిన్నులు వంగిపోతూనే ఉన్నాయి, పైగా కాళ్లు లోపలికి వెళ్లడం చూసి ముచ్చటపడేది మొదటి నెల రోజులే. 4 మిల్లీమీటర్ల వైర్ కాళ్లు చాలు. తోక చక్రం వైర్ మాత్రం ఒకటి ఎక్స్‌ట్రా వంచి ఫీల్డ్ బాక్సులో వేసుకోండి, అన్నిటికంటే ముందు విరిగేది అదే.