కంప్యూటర్ హాట్‌స్పాట్ సరిపోతుందా, రౌటర్ కొనాలా?

నెట్ కేబుల్ నేరుగా కంప్యూటర్‌కే పెట్టి ఉంటే, ఇంట్లో ఫోన్లకు వైఫై ఇవ్వడానికి రెండు దారులున్నాయి: ఆ కంప్యూటర్‌నే హాట్‌స్పాట్‌గా మార్చడం, లేదా విడిగా రౌటర్ కొనడం.

ల్యాప్‌టాప్ అయితే మొదటిదానికి పైసా ఖర్చు లేదు. వైఫై లేని డెస్క్‌టాప్‌కు మాత్రం ఒక యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కావాలి. విండోస్ 10లో 2016 నుంచే సెట్టింగ్స్‌లో 'మొబైల్ హాట్‌స్పాట్' ఉంది. పేరు, పాస్‌వర్డ్ పెట్టి ఆన్ చేస్తే 8 పరికరాల దాకా కలుస్తాయి. అసలు చిక్కు వేరే ఉంది. కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లిందంటే అందరికీ నెట్ పోతుంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసు నడుస్తుంటే మీరు కంప్యూటర్‌ను ఆపలేరు, రీస్టార్ట్ చేయలేరు. ఏ ఫోనూ కలిసి లేకపోతే కాసేపటికి హాట్‌స్పాట్ తనంతట తానే ఆగిపోవచ్చు కూడా. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లోనే ఉన్న పవర్ సేవింగ్ ఆప్షన్ ఆఫ్ చేస్తే ఆ బాధ తప్పుతుంది.

రౌటర్‌కు ఈ టెన్షన్లు లేవు. రాత్రీపగలూ నడుస్తుంది, ఇంటి మధ్యలో పెట్టుకోవచ్చు, కరెంటు పోయినా చిన్న బ్యాటరీ బ్యాకప్‌తో నిలబడుతుంది. నలుగురున్న ఇంటికి నేను ఇదే కొనమంటాను. గదిలో ఒక్కరే ఉండేవాళ్లకు, నాలుగు రోజుల అవసరానికి హాట్‌స్పాట్ చాలు.

రౌటర్ పెట్టాక నెట్ రాకపోతే కంగారుపడకండి. కొన్ని కనెక్షన్లు పాత కంప్యూటర్ మ్యాక్ అడ్రస్‌కే (నెట్‌కు కలిసే ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబర్) ముడిపడి ఉంటాయి. రౌటర్ సెట్టింగ్స్‌లో ఆ కంప్యూటర్ అడ్రస్‌నే రౌటర్‌కు పెట్టే 'మ్యాక్ క్లోన్' వాడండి, లేదా నెట్ వాళ్లకు ఫోన్ చేసి రౌటర్ మ్యాక్ అడ్రస్ ఎక్కించమనండి.