ఊలు జడల టోపీ కిట్: టోపీకి మిగిలింది, జడలకు చాలలేదు

ఊలుతో టోపీ అల్లి, దానికి ఊలుతోనే జుట్టు కుట్టి, ఆ జుట్టును రెండు జడలుగా వేసే కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో 950 రూపాయలకు తెప్పించాను. మనవరాలి బడిలో జరిగే ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి సవరాలూ పిన్నులూ అవసరం లేకుండా, తలకు తగిలిస్తే చాలు జడలు వచ్చేసే వస్తువు కావాలన్నది ఉద్దేశం. ఇదే నమూనాను రకరకాల పేర్లతో చాలామంది అమ్ముతున్నారు కనుక, కంపెనీ పేరు కన్నా పెట్టెలో ఏముందన్నదే కొనేవారికి ముఖ్యం. ఎర్ర ఆక్రిలిక్ ఊలు 100 గ్రాములు, నల్ల ఊలు 50 గ్రాములు, 5 మిల్లీమీటర్ల మందం, 40 సెంటీమీటర్ల పొడవు గల సర్క్యులర్ సూది (రెండు పొట్టి సూదులను తీగతో కలిపినది), ఒక క్రోషే హుక్కు, పెద్ద కన్నున్న ప్లాస్టిక్ సూది, నాలుగు పేజీల సూచనలు ఉన్నాయి.

టోపీ వరకు చూస్తే ఈ నమూనాను ఆలోచించినవారికి అల్లిక బాగా తెలుసనిపిస్తుంది. 88 కుట్లతో మొదలుపెట్టి, రెండు నిట్ (సాదా కుట్టు), రెండు పర్ల్ (దాని తిరగవైపు కుట్టు) చొప్పున అంచు పట్టీ వేసి, ఆ పైన గుండ్రంగా తిరుగుతూ నిట్ కుట్లు మాత్రమే వేసుకుంటూ పోవాలి. సర్క్యులర్ సూదిపై అల్లిక ఎప్పుడూ ముందు వైపు నుంచే సాగుతుంది కాబట్టి, విడి సూదులపై అల్లేటప్పుడు వరుస తప్పి వరుసకు వచ్చే పర్ల్ కుట్లు ఇక్కడ ఉండవు. అతుకు కూడా ఉండదు. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకన్నా సులువైన టోపీ లేదు. ఊలు మీది చీటీ ప్రకారం 10 సెంటీమీటర్లకు 18 కుట్లు రావాలి, అలాగే వచ్చాయి. ఆ లెక్కన 88 కుట్ల టోపీ చుట్టుకొలత 49 సెంటీమీటర్లు అవుతుంది, సాగి పెద్దవారి తలకు బిగువుగా కూర్చుంటుంది.

చిక్కు ఏమిటంటే, సూచనల్లో కొలత ఆ ఒక్కటే. ఆరేళ్ల పిల్ల తల చుట్టుకొలత దాదాపు 51 సెంటీమీటర్లు ఉంటుంది. టోపీ దానికన్నా కొన్ని సెంటీమీటర్లు తక్కువ ఉంటేనే జారకుండా నిలుస్తుంది. అందుకు 80 కుట్లు వేసుకుంటే చుట్టుకొలత 44 సెంటీమీటర్లకు దిగుతుంది, సరిగ్గా సరిపోతుంది. 80 కూడా నాలుగుతోనూ ఎనిమిదితోనూ భాగింపబడే సంఖ్యే కావడం వల్ల అంచు పట్టీ లెక్క చెడదు, నడినెత్తి దగ్గర ఎనిమిది భాగాలుగా కుట్లు తగ్గించుకుంటూ వచ్చే లెక్కా చెడదు. నమూనాలో ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు ఆ ఒక్క వాక్యం కాగితం మీద ఎందుకు రాయలేదో అర్థం కాదు.

రెండో లోపం సూదిది. 40 సెంటీమీటర్ల సర్క్యులర్ సూదిపై 80 కుట్లు సుఖంగా తిరుగుతాయి గానీ, నడినెత్తి దగ్గర కుట్లు తగ్గుతున్న కొద్దీ అవి సూది చుట్టూ సాగవు. అక్కడినుంచి రెండు వైపులా మొన ఉండే సూదుల జత గానీ, తీగ పొడవు ఎక్కువగా ఉండే సూది గానీ కావాలి. పెట్టెలో రెండూ లేవు. ఇంట్లో సూదులున్నవారికి ఇది చిన్న విషయమే, కానీ కిట్ అన్నది ఏమీ లేనివారి కోసమే కదా.

అసలు సంగతి జుట్టు. ఊలు జుట్టును టోపీకి రెండు రకాలుగా పట్టిస్తారు. పోగులను కత్తిరించి, ఒక్కొక్కటిని సగానికి మడిచి, హుక్కుతో కుట్టులోంచి లాగి ముడి వేయడం ఒక పద్ధతి. విరబోసుకున్న జుట్టుకూ, గడ్డం ఉన్న సరదా టోపీలకూ అది బాగుంటుంది. బొమ్మలకు చేసినట్టు పోగులన్నిటినీ నెత్తిమీద అడ్డంగా పరిచి, నుదుటి నుంచి మెడ వెనక దాకా పాపిట గీత వెంబడి బఖియా కుట్టు (బ్యాక్‌స్టిచ్) వేసి, ఇరువైపులా చెవుల దగ్గర పోగుచేసి జడలు వేయడం రెండోది. ఈ కిట్ రెండో పద్ధతి చెబుతుంది, జడలకు అదే సరైనది కూడా. ముడుల పద్ధతిలో పాపిట ఇంత తీరుగా రాదు.

కానీ ఆ పద్ధతికి ఊలు ఎంత కావాలో అమ్మినవారు లెక్క వేసినట్టు లేదు. పాపిట పొడవు సుమారు 30 సెంటీమీటర్లు. ఈ మందం ఊలు పోగులు పక్కపక్కన పరిస్తే సెంటీమీటరుకు దాదాపు నాలుగు పడతాయి, అంటే ఒక్క పొరకే 120 పోగులు. ఒక చెవి నుంచి నెత్తి మీదుగా రెండో చెవి దాకా వెళ్లి, ఆ తరువాత భుజం దాటే జడగా మిగలాలంటే ఒక్కో పోగు కనీసం మీటరు ఉండాలి, ఎందుకంటే జడ అల్లితే పొడవు తగ్గుతుంది. మొత్తం 120 మీటర్లు అన్నమాట. 50 గ్రాముల నల్ల ఉండ చీటీ మీద ఉన్నది 100 మీటర్లు. ఒక్క పొరకే చాలని ఊలుతో పల్చటి జుట్టు వస్తుంది; నిండుగా కనపడాలంటే రెండు పొరలకు 120 గ్రాములు కావాలి. ఎర్ర ఊలేమో 100 గ్రాములిచ్చారు, చిన్న టోపీకి 60 గ్రాములకు మించి పట్టలేదు. మిగిలిన ఎర్ర ఊలు జుట్టుకు పనికిరాదు.

ఇందులోనే మరో పొరపాటు దాగి ఉంది. జుట్టు తలంతా కప్పే టోపీని జుట్టు రంగు ఊలుతోనే అల్లాలి. అప్పుడు పోగుల మధ్య సందు పడినా కంటికి ఆనదు. నల్ల జుట్టు కింద ఎర్ర టోపీ పెడితే ఎక్కడ పోగు పక్కకు జరిగినా గాయంలా ఎర్రగా కనిపిస్తుంది. పెట్టె మీది బొమ్మలో మాత్రం జుట్టు ఒత్తుగా ఉంది, ఎరుపు అంచు పట్టీ దగ్గర తప్ప ఎక్కడా కనపడదు. అంత జుట్టుకు ఎంత ఊలు పట్టిందో కాగితంలో లేదు. నేను ఆ తరువాత వేరే నల్ల ఊలు కొని టోపీ పైభాగాన్ని మళ్ళీ నల్లగానే అల్లి, ఎరుపును అంచు పట్టీకి పరిమితం చేశాను. అలా చేస్తే తలకు రిబ్బను కట్టినట్టుగా వస్తుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది.

నిండుగా జుట్టు పెట్టాక జుట్టు బరువు టోపీ బరువుకు రెట్టింపవుతుంది, టోపీ వెనక్కి లాగుతుంది. చెవుల దగ్గర జడ మొదలయ్యే చోట పోగులను అంచు పట్టీకి గట్టిగా నాలుగైదు కుట్లతో బిగిస్తే బరువు అక్కడ ఆగుతుంది. గడ్డం కింద కట్టుకునే తాడు వేయమని సూచనల్లో ఉంది. చిన్నపిల్లలకు అది వద్దు. పిల్లల దుస్తుల్లో మెడ దగ్గర వేలాడే తాళ్లు జారుడుబల్లల వంటివాటికి చిక్కుకుని ప్రాణాపాయం కలిగిస్తాయని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 1996లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పొడవాటి జడలకూ ఆ జాగ్రత్త వర్తిస్తుంది కనుక వేదిక దిగగానే టోపీ తీసేయడం మంచిది. పోగులు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకైతే ఈ టోపీయే వద్దు.

ఊలు మెత్తదనం గురించి ఫిర్యాదు లేదు. గుచ్చుకోదు, నీళ్లలో రంగు వదలలేదు. క్యాన్సర్ చికిత్సలో జుట్టు పోయిన పిల్లల కోసం ఇలాంటి ఊలు జుట్టు టోపీలను అమెరికాలోని అలాస్కాలో మొదలైన మ్యాజిక్ యార్న్ ప్రాజెక్ట్ స్వచ్ఛందంగా చేసి ఉచితంగా పంపిస్తుంది. నున్నటి తలకు తగిలే వస్తువులో మెత్తదనం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆక్రిలిక్ కాబట్టి హైదరాబాదులో ఇది డిసెంబరు, జనవరి ఉదయాలకు తప్ప పనికిరాదు. మిగతా కాలంలో అరగంటకే తల చెమటతో తడుస్తుంది.

మన ఇళ్లలో దీనికి చేయగలిగిన హంగులు కిట్ తయారీదారులకు తట్టవు. జడ చివర రిబ్బను ముడికి బదులు జడకుచ్చులు కట్టవచ్చు. పాపిట కుట్టు మీద పాపిటబిళ్ళ, ఇరువైపులా సూర్యుడు, చంద్రుడు కుట్టేస్తే కూచిపూడి వేషానికి పనికొస్తుంది, రెండు జడలకు బదులు వెనక ఒక్కటే వేస్తే సత్యభామ సిద్ధం. బరువు మాత్రం చూసుకోవాలి, నిజం జడకుచ్చులకన్నా ఊలుతో చేసినవే మేలు.

సూచనలు ఇంగ్లీషులో, అదీ పొడి అక్షరాల్లో ఉన్నాయి. వాటి వివరణ చివరి పేజీలో ఉన్నందున రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని అల్లాల్సి వచ్చింది. పాపిట కుట్టుకు ఇచ్చిన బొమ్మ మాత్రం చాలా స్పష్టంగా ఉంది, భాష రాకపోయినా అర్థమవుతుంది. ఉతకడం గురించి ఒక్క ముక్క లేదు. జడలు విప్పకుండా వల సంచిలో వేసి, చల్లటి నీళ్లలో చేత్తో పిండకుండా నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టాలి. ఇస్త్రీ పెట్టె తగిలితే ఆక్రిలిక్ బిగువు చచ్చి, సాగిపోతుంది.

సూదులు ఉన్నవారు ఈ కిట్ కొనవద్దు. విడిగా ఊలు కొనుక్కుంటే ఇంతకన్నా తక్కువలో నిండు జడలు వస్తాయి. ఏమీ లేనివారు, అల్లిక నేర్చుకోవాలన్న సరదా ఉన్నవారు కొనవచ్చు, అయితే అదే రోజు నల్ల ఊలు 100 గ్రాములు వేరుగా తెప్పించుకోవాలి. ఆ ఊలేదో పెట్టెలోనే వేసి మరో వంద రూపాయలు ఎక్కువ అడిగినా ఇచ్చేదాన్ని.