ఒడ్డు మీద నుంచి జీటీ వేట: ఏళ్ల తరబడి వాడాక రాడ్డు, రీలు, చిల్లర సామాను గురించి నా మాట

ముందే చెప్పేస్తాను. ఒడ్డున నిలబడి లూర్‌తో (కృత్రిమ ఎరతో) జెయింట్ ట్రెవల్లీ, అంటే జీటీ అనే పెద్ద సముద్రపు చేపను పట్టాలనుకునేవాళ్లు డబ్బు కుమ్మరించాల్సింది రీలు మీద కాదు. రాడ్డు మీద కొంత పెట్టండి, మిగతాది రింగులు, కొక్కేలు, లీడర్ (లూర్‌కు ముందు కట్టే మందపాటి తీగ) లాంటి చిల్లర సామాను మీద పెట్టండి. రీలు మధ్యరకం చాలు. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్లకు లాభం రీలు మీదే.

నేనుండేది తిరుపతిలో. సముద్రం చూడాలంటే తెల్లవారుజామున లేచి బండి తీయాలి. కాబట్టి రోజూ వేటకు పోయేవాడి రివ్యూ కాదిది. సెలవు దొరికినప్పుడు పోయి, మిగతా నెలలన్నీ సామాను అటక మీద పెట్టుకునేవాడిది. ఉప్పునీళ్లలో తడిసిన సామాను అలా పడి ఉన్నప్పుడే దాని బండారం బయటపడుతుంది. నాలుగు గంటలు వాడి, పెట్టె తెరిచిన రోజే పొగిడేసే వీడియోల్లో ఈ సంగతి దొరకదు.

చేప గురించి రెండు ముక్కలు. మన మార్కెట్లో పార అని అమ్మే చేపల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. శాస్త్రీయ నామం కారాంక్స్ ఇగ్నోబిలిస్. 170 సెంటీమీటర్ల పొడవు, 80 కిలోల బరువు దాకా పెరుగుతుంది. గాలానికి పడ్డవాటిలో ప్రపంచ రికార్డు 72.8 కిలోలు, 2006లో జపాన్‌లోని టోకారా దీవుల దగ్గర పట్టారు. ఆ అంకెలు చూసి ఆశపడకండి. చిన్న వయసులో ఈ చేపలు నదుల మొగల్లో, ఉప్పుటేరుల్లో తిరుగుతాయి. పెద్దయ్యాక పగడపు దిబ్బలు, రాళ్లు, నీటి వడి ఉన్నచోటికి వెళ్లిపోతాయి. మన దక్షిణ కోస్తాలో రాళ్లెక్కడివి? అంతా ఇసుకే.

2022లో జిల్లాలు విడదీసినప్పుడు వాకాడు వైపు తీరం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా తూపిలిపాలెం పోతే మా జిల్లా సముద్రమే. మా ఊళ్లో ఎండిపోయి కనిపించే స్వర్ణముఖి కూడా అటువైపే వెళ్లి సముద్రంలో కలుస్తుంది. నేను కొత్త సామానుతో మొదట వెళ్లింది అక్కడికే. పదడుగుల రాడ్డు చూసి వలలు సర్దుకుంటున్న పెద్దాయన ఒకాయన నవ్వాడు. "ఏం సామీ, ఇంత కర్ర ఏసుకోనొచ్చినావు, దీనికి తగ్గ చేప ఇక్కడ యాడుందయ్యా?" ఆయన మాటే నిజం. అలలతో కలిసి ఇసుక లేచి, నీళ్లు మడ్డిగా ఉండే తీరంలో పాపర్ (నీటిపై చప్పుడు చేసే లూర్) విసరడం చేతుల నొప్పికి తప్ప దేనికీ పనికిరాదు. మొగ దగ్గర, పోటు తిరిగే వేళ, చిన్న లూర్‌కి చిన్న పారలు పడతాయి. అదృష్టం బాగుంటే పండుగప్ప. వాటికి తొమ్మిదడుగుల తేలిక రాడ్డు, పీఈ 2 తీగ (పీఈ అంకె అల్లిన తీగ మందానికి గుర్తు) చాలు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ప్రధానంగా అండమాన్‌లో వాడిన అనుభవం. చెన్నై దాకా బస్సు, అక్కడి నుంచి విమానం.

రీలు. నాది పెన్ స్పిన్‌ఫిషర్ 6, 8500 సైజు. ఇన్నేళ్లలో దీని లోపల నేను చేయి పెట్టింది లేదు, గ్రీజు వేసిందీ లేదు. బాడీకి, తీగ చుట్టుకునే స్పూల్‌కి నీళ్లు దూరకుండా సీలింగ్ ఉంది, ఐపీఎక్స్5 రేటింగ్. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి విసిరేటప్పుడు అల వచ్చి మొత్తం తడిపేసినా పట్టించుకోలేదు. డ్రాగ్ (చేప లాగితే తీగను అదుపుగా వదిలే బ్రేకు) కార్బన్ వాషర్లది, చేప లాగినప్పుడు తీగ ఎక్కడా కుదుపు లేకుండా పోతుంది. ఇక ఇబ్బంది అంటారా, బరువు. 800 గ్రాముల పైమాటే. పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిది దాకా విసిరితే మణికట్టుకు తెలుస్తుంది. ఒక స్నేహితుడి దగ్గర షిమానో స్టెల్లా ఎస్‌డబ్ల్యూ ఉంది, నా రీలుకు నాలుగైదు రెట్ల ఖరీదు. దాంతో ఒక పూటంతా విసిరాను. తిప్పుతుంటే వెన్న... అబద్ధమెందుకు, చాలా హాయిగా ఉంది. కానీ చేపకు ఆ తేడా తెలియదు. ఆయన లూర్‌ను చేపలు ఎన్నిసార్లు కొట్టాయో నా లూర్‌నూ అన్నిసార్లే కొట్టాయి.

డ్రాగ్ ఎంత బిగించాలన్నదాని మీద అందరూ పెద్ద పెద్ద అంకెలు చెప్తారు. నేను చేసేది ఇది. రాడ్డుకు తీగ ఎక్కించి, విమానం సామాను తూచే డిజిటల్ కాటా చివర కట్టి, ఇంకొకరిని పట్టుకోమంటాను. రాడ్డు 45 డిగ్రీల్లో పైకెత్తి లాగుతూ డ్రాగ్ బిగిస్తాను. పీఈ 6 తీగ బలం సుమారు 80 పౌండ్లు, అంటే 36 కిలోలు. అందులో మూడోవంతు 12 కిలోలు పెట్టుకోవచ్చని సూత్రం. తిరుపతిలో మేడ మీద సిమెంటు నేలపై 12 కిలోలు లాగగలిగాను. అదే నాచుపట్టిన తడి రాతి మీద 8 కిలోలు దాటగానే మడమలు ముందుకు జారుతున్నాయి. పడవలో వేటాడేవాడు నడుము ఆనించుకుంటాడు, పడవ కూడా చేప వెంట కొంచెం కదులుతుంది. ఒడ్డున నిలబడ్డవాడికి ఆ రెండూ లేవు. అందుకే 20 కిలోల డ్రాగ్, 25 కిలోల డ్రాగ్ అని రాసిన రీళ్ల కోసం అదనంగా డబ్బు పెట్టడం నాకు అర్థం కాదు. ముందు మీ చెప్పుల పట్టు ఎంతో చూసుకోండి. నేను వాడేది అడుగున ఇనుప మేకులున్న రాక్ షూస్. క్రికెట్ బూట్లతో వచ్చినవాళ్లను చూశాను, వద్దు.

రాడ్డు దగ్గరికొస్తే పొగడ్తా ఉంది, తిట్టూ ఉంది. పదడుగులు, రెండు ముక్కలు, 60 నుంచి 130 గ్రాముల లూర్ల దాకా విసరొచ్చు. ఈ పొడవు వల్ల విసురు దూరం పోవడం ఒక లాభం. అసలు లాభం మాత్రం వేరే. చేప తగలగానే పగడపు అంచు కిందికి దూరిపోతుంది. తీగ ఆ అంచుకు ఒక్కసారి రాసుకుంటే అంతే సంగతులు. రాడ్డు పొడుగ్గా ఉంటే, చేతులు పైకెత్తి తీగను అంచుకు తగలకుండా ఎత్తి పట్టుకోవచ్చు. ఎనిమిదడుగుల పడవ రాడ్డుతో ఒడ్డున ఇది కుదరదు. విరిగేలా వంగినా ఈ రాడ్డు చప్పుడు చేయలేదు.

తిట్టు గైడ్ల గురించి, అంటే రాడ్డు పొడవునా తీగ దూరే రింగుల గురించి. రెండో వానాకాలం తర్వాత అటక మీద నుంచి దించితే, పైనుంచి మూడో గైడు కాలు దగ్గర, దారం మీద పూసిన ఎపాక్సీ జిగురు కింద గోధుమరంగు చార కనిపించింది. గోరుతో గీకాను, పోలేదు. లోపలి నుంచి తుప్పు. సముద్రపు రాడ్డు అని పెద్ద అక్షరాలతో అచ్చేసి అమ్మిన వస్తువుకు స్టీలు ఫ్రేము పెట్టారన్నమాట. ఫోటోలు తీసి కంపెనీకి పంపితే వచ్చిన మొదటి ప్రశ్న: "ఉప్పునీటిలో వాడారా?" పేరు రాయను గానీ ఆ ప్రశ్న మాత్రం మరచిపోలేను. తర్వాత చెన్నైలో రాడ్డులు బాగుచేసే ఒకతను పాతవన్నీ పీకేసి టైటానియం ఫ్రేముల ఫుజి గైడ్లు కట్టిచ్చాడు. ఆ ఖర్చుతో కలుపుకుంటే ఇంకాస్త మంచి రాడ్డే వచ్చేది. మీరు కొనేటప్పుడు బ్లాంక్ (రాడ్డు కర్ర) గురించి తర్వాత అడగండి, గైడు ఫ్రేము ఏ లోహంతో చేశారో ముందు అడగండి.

ఇప్పుడు చిల్లర సామాను. దుకాణంలో పాపర్ కొంటే దానితో పాటు రింగులు, మూడు మొనల కొక్కేలు తగిలించి ఇస్తారు. కొన్నిటికి బాగుంటాయి, చాలావాటికి బాగుండవు. దక్షిణ అండమాన్‌లో ఒక రాతి కొమ్ము మీద నుంచి తెల్లవారుజామున విసురుతున్నాం. పోటు తగ్గి నీళ్లు దిగుతున్నాయి. నాలుగో ఐదో గుంజుకు పాపర్ వెనక నీళ్లు ఉబ్బి, ఒక్కసారిగా పేలినట్టయింది. రాడ్డు వంగింది, డ్రాగ్ రెండు మూడు సెకన్లు అరిచింది, ఆ వెంటనే తీగ వదులైపోయింది. చుట్టి చూస్తే పాపర్ ఉంది, ముందు కొక్కెం ఉంది, వెనక కొక్కెం లేదు. దాన్ని పట్టుకున్న స్ప్లిట్ రింగు కోడిగుడ్డు ఆకారంలో సాగి, ఒక కొస బయటికి తెరుచుకుంది. కొక్కెంతో సహా చేప పోయింది. తీగ ఎంత గట్టిదైనా, రీలు ఎంత ఖరీదైనా, మొత్తం బరువు మోసేది ఆ రింగే.

అప్పటి నుంచి లూర్ ఏది కొన్నా మొదట చేసే పని, వచ్చిన రింగులు పీకి 200 పౌండ్ల రింగులు వేయడం. వీటికి మామూలు ప్లయర్ సరిపోదు, ముక్కు వంపు తిరిగిన పెద్ద స్ప్లిట్ రింగ్ ప్లయర్ కావాలి. లేకపోతే గోళ్లు పోతాయి. మూడు మొనల కొక్కేలు తీసేసి ఒంటి మొన కొక్కేలు వేస్తాను, మొన దగ్గరి ముల్లు ప్లయర్‌తో నొక్కేస్తాను. చేపలు జారిపోతాయని చాలామంది అంటారు. నాకైతే పెద్ద తేడా కనబడలేదు. పైగా ఎగిరి కొట్టుకునే చేప నోట్లోంచి కొక్కెం తీసేటప్పుడు మన వేళ్లు మిగులుతాయి. చిన్న ఆసుపత్రి కూడా గంట దూరంలో ఉండే చోట ఇది చిన్న విషయం కాదు.

లీడర్ 130 నుంచి 150 పౌండ్ల నైలాన్. ఫ్లోరోకార్బన్ కూడా వాడి చూశాను. బిరుసుగా ఉండి ముడి సరిగ్గా కూర్చోదు, ఖరీదు రెట్టింపు. రాళ్ల మీద నైలాన్ గీసుకుపోయినా పది నిమిషాల్లో కొత్త ముక్క కట్టుకోవచ్చు. తీగను లీడర్‌తో కలపడానికి ఎఫ్‌జీ అనే అల్లిక ముడి ఒక్కటే, సన్నగా ఉండి గైడ్లలోంచి ఎక్కడా తగలకుండా పోతుంది. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని నేర్చుకోండి, ఒడ్డున గాలిలో, చెమట చేతులతో కాదు. మా ఆవిడ టీవీ చూస్తుంటే పక్కన కూర్చుని తలుపు గడియకు తీగ కట్టి అల్లేవాణ్ణి. ఆమెకిప్పుడు నాకంటే బాగా వచ్చు.

లూర్లలో నా డబ్బు తిరిగొచ్చింది 100 గ్రాముల గిన్నె నోటి పాపర్‌తో, 160 మిల్లీమీటర్ల తేలే స్టిక్‌బెయిట్‌తో (పాపర్‌లా చప్పుడు చేయని, కర్రలాంటి లూర్). నీళ్లు కాస్త చెదిరి, చీకటి విడుతున్నప్పుడు పాపర్. నీళ్లు తేటగా, అద్దంలా ఉన్నప్పుడు పాపర్ శబ్దానికి చేపలు వెంట వచ్చి చూసి వెనక్కి తిరిగిపోతాయి. అప్పుడు స్టిక్‌బెయిట్‌ను పొడుగ్గా ఒక గుంజు గుంజి, రెండు సెకన్లు ఆపాలి. తగిలేది ఎక్కువగా ఆ ఆపినప్పుడే. రంగుల గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటారు. నా పాపర్‌కు రంగు సగం ఊడిపోయి చెక్క కనిపిస్తోంది, అది ఇంకా చేపలు తెస్తూనే ఉంది.

పది కిలోలు దాటిన చేప ఒకటి అలాగే తగిలింది. చేయి వణుకు తగ్గడానికి అరగంట పట్టింది. నీళ్లలోనే ఉంచి కొక్కెం తీసి, తోక మొదట్లో పట్టుకుని తల అల వైపు తిప్పి వదిలేశాను. పగడపు దిబ్బల పెద్ద చేపల్లో సిగువటెరా అనే జబ్బు తెచ్చే విషం ఉండే అవకాశం ఉంది, వండినా పోదు. కాబట్టి వదిలేయడంలో త్యాగమేమీ లేదు.

అండమాన్ పోయేవాళ్లకు సామానుతో సంబంధం లేని మాట ఒకటి. అక్కడ ఉప్పునీటి మొసళ్లున్నాయి, హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు. జంగ్లీఘాట్‌లో మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడ్డ మత్స్యకారులు చాలామంది ఉన్నారు. తెలుగు వినగానే ఒకాయన దగ్గరికొచ్చి, "బాబూ, మడ సెట్ల వైపు నీట్లో దిగిపోకు, మొసలుంటాది, రాళ్ల మీదే ఉండిపో" అన్నాడు. ఏ చోట పోటుకు నీళ్లు ఎంత ఎక్కుతాయో కూడా చెప్పాడు. అలాంటి ఒక్క మాట ఏ గైడుబుక్కులోనూ దొరకదు. వండూర్ దగ్గరి మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కు పరిధిలో వేట నిషేధం, కాబట్టి ఎక్కడ నిలబడుతున్నారో ముందే కనుక్కోండి. వెళ్లడానికి డిసెంబర్ నుంచి ఏప్రిల్ మధ్య మంచిది. మే దాటితే నైరుతి గాలికి రాళ్ల మీద నిలబడటమే కష్టం.

వేట ముగిశాక కడగడం. డ్రాగ్ పూర్తిగా బిగించి, సన్నగా జల్లులా నీళ్లు పోయాలి. పైపు పెట్టి జోరుగా కొడితే ఉప్పును లోపలికి తోసినట్టే. ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టాలి, లేకపోతే వాషర్లు నొక్కుకుపోతాయి. మా ఇంటి బోరు నీళ్లకు తెల్ల మరకలు పడుతున్నాయని చివర్లో ఒక చెంబు ఆర్‌ఓ నీళ్లు పోస్తాను. లూర్లను, ప్లయర్‌ను బకెట్‌లో నానబెట్టి, ఎండలో కాకుండా నీడలో ఆరేయాలి.

చివరిగా రాడ్డు మోసుకెళ్లే సంగతి. దుకాణాల్లో దొరికే గుడ్డ సంచులు విమానానికి పనికిరావు. ఇంటి దగ్గర ప్లంబింగ్ దుకాణంలో నాలుగంగుళాల పీవీసీ పైపు ఐదున్నర అడుగులు కోయించి, ఒక పక్క మూత అంటించి, రెండో పక్క మర మూత పెట్టించాను. లోపల రాడ్డు ముక్కల చుట్టూ పాత టవల్. రెండు రాడ్డులు పడతాయి. కొక్కేలు, ప్లయర్ చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి, క్యాబిన్‌లోకి రానివ్వరు. ఐదడుగులు దాటిన సామానుకు కొన్ని విమానాల్లో అదనంగా తీసుకుంటారు, టికెట్ కొనే ముందే ఫోన్ చేసి అడిగితే కౌంటర్ దగ్గర టెన్షన్ ఉండదు.