వెలెహ్రాద్ ఒక్కటీ చూసి వచ్చేయకండి

9వ శతాబ్దపు పునీతులు సిరిల్, మెతోడియస్ అన్నదమ్ములు స్లావ్ జాతులకు (చెక్, రష్యన్, బల్గేరియన్ లాంటివాళ్ల పూర్వీకులకు) సువార్త చెప్పిన నేల చూపిస్తామని డబ్బు కట్టించుకుని, చెక్ దేశంలో వెలెహ్రాద్ బసిలికా దగ్గర గంటసేపు దింపి మళ్లీ బస్సెక్కిస్తున్నారు. ఇది భక్తులకు చేసే అన్యాయం. బసిలికా అందమైనదే, లోపలికి వెళ్లడానికి రుసుం లేదు. 1990లో పోప్ రెండవ జాన్ పాల్ వచ్చిన చోటు. కానీ అక్కడి మఠం 13వ శతాబ్దంలో మొదలైంది. అన్నదమ్ములు మొరావియాకు (ఈనాటి చెక్ దేశపు తూర్పు భాగానికి) వచ్చింది 863లో!

అసలు చూడాల్సింది అక్కడికి ఐదు కిలోమీటర్ల దూరంలోని స్టారే మ్యెస్టో. 1949 తవ్వకాల్లో బయటపడ్డ చర్చి పునాదుల మీదే అక్కడ ఆనాటి స్లావ్ రాజ్యమైన మహా మొరావియా స్మారక మందిరం కట్టారు. ప్రాగ్ నుంచి నేరుగా రైళ్లున్నాయి. బస పక్కనున్న ఉహెర్స్‌కే హ్రాడిష్త్యేలో పెట్టుకుంటే మేలు. జులై 5 అన్నదమ్ముల పండుగ, దేశమంతా సెలవు. ఆ వారం గదులు చాలా ముందే బుక్ చేసుకోవాలి. మెతోడియస్ సమాధి కోసం వెతకకండి. 885లో ఆయన చనిపోయాక ఎక్కడ పాతిపెట్టారో ఈనాటికీ తేలలేదు. ఆశపడి వచ్చిన పెద్దవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి, అక్కడికెళ్లాక చెబితే మనసు చిన్నబుచ్చుకుంటారు.

సిరిల్ సమాధి మాత్రం రోమ్‌లో ఉంది. కొలోసియం నుంచి నడిచి వెళ్లేంత దగ్గరలోని సాన్ క్లెమెంతే చర్చిలో. పై చర్చి ఉచితం, భూగర్భంలోకి టికెట్ 10 యూరోలు. ఆ పది యూరోలకు వెనకాడకండి. పైన 12వ శతాబ్దపు చర్చి, దాని కింద 4వ శతాబ్దపుది, ఇంకా కింద రోమన్ల కాలపు కట్టడం, నేల అడుగున నీళ్లు పారే చప్పుడు. 869 ఫిబ్రవరి 14న చనిపోయిన సిరిల్‌ను పాతిపెట్టారని చెప్పే చోటు మధ్య అంతస్తులో ఉంది. చుట్టూ స్లావ్ జాతులు కృతజ్ఞతతో పెట్టిన ఫలకాలు. అక్కడ కాసేపు నిలబడాలి. స్లావ్ భాషలో పూజ జరపడానికి పోప్ రెండవ ఏడ్రియన్ ఆమోదం ఇచ్చింది ఈ అన్నదమ్ములు రోమ్ వచ్చినప్పుడే. మన తెలుగు కతోలికులు లాటిన్ వదిలి సొంత మాటలో పూజ వినడానికి 1960లు రావాల్సి వచ్చింది.

సాన్ క్లెమెంతేను మధ్యాహ్నం కాసేపు మూసేస్తారు, ఆదివారం పొద్దున తెరవరు. కింద ఫొటోలు తీయనివ్వరు. మెట్లు తడిగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను పైనే కూర్చోబెట్టండి.

చెక్, ఇటలీ రెండు దేశాలకూ ఒకే షెంజెన్ వీసా (ఐరోపాలో చాలా దేశాలకు చెల్లే వీసా) చాలు, పెద్దలకు 90 యూరోలు. మొరావియా నుంచి వెళ్లగొట్టబడ్డ ఈ అన్నదమ్ముల శిష్యులు క్లెమెంత్, నౌమ్‌ల ఊరు, ఉత్తర మాసిడోనియాలోని ఓహ్రిడ్ కూడా చూడాలంటే, ఆ దేశం షెంజెన్‌లో లేదు కాబట్టి అక్కడి వీసా సంగతి బయల్దేరకముందే తేల్చుకోండి.